పై వాటాలో మనిషి ముఖం

ఎడిటర్ పరాంకుశంగారికి ఒక అలవాటు ఉండేది. సినిమా తొలి కూర్పు పూర్తయ్యాక దాన్ని ఆయన సినిమావాళ్ళకు చూపించేవారు కాదు. సందు చివర ఇస్త్రీబండి పెట్టుకున్న ఆవిడ, టిఫిన్ సెంటర్లో పిండి రుబ్బే మనిషి, కిందింట్లో ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టారు, ఇలాంటివాళ్ళని నలుగురైదుగురిని పిలిచి మా ఎడిటింగ్ రూములో కుర్చీలు వేసి కూచోబెట్టేవారు. డైరెక్టర్ని మాత్రం కూచోనిచ్చేవారు కాదు. తెర పక్కన, తెరకు వీపు పెట్టి, చూసేవాళ్ళ వైపు తిరిగి నిలబడమనేవారు. "నీ సినిమా నువ్వు చాలాసార్లు చూశావు, ఇవాళ వీళ్ళని చూడు" అనేవారు. కృష్ణానగర్లో ఎంత పేరున్న డైరెక్టరైనా ఆయన గదికి వచ్చాడంటే గోడకుర్చీ శిక్ష పడ్డ పిల్లాడిలా నిలబడాల్సిందే. పద్దెనిమిదేళ్ళు ఆయన దగ్గర అసిస్టెంటుగా పనిచేసినవాణ్ణి, ఆ వైభవాలన్నీ కళ్ళారా చూశాను.

త్రిమూర్తులు ఆయన శిష్యుడు. మా గదిలోనే ఆరేళ్ళు పని నేర్చుకుని డైరెక్టరయ్యాడు. మండపేట వైపు మనిషి. సిగరెట్టు లేదు, మందు లేదు, నోరు పెట్టుకుని అరవడం లేదు. లైట్లు మోసేవాళ్ళని కూడా అండీ అని పిలిచేవాడు. ఇలాంటి అల్లుడు దొరకడం పూర్వజన్మ సుకృతమని వాళ్ళ మామగారు ఊరంతా చెప్పుకునేవాడట. మా ఆవిడ నన్ను దెప్పినప్పుడల్లా నేను కూడా, త్రిమూర్తులు లాంటివాణ్ణి చేసుకోవాల్సింది నువ్వు, అని ఊరుకునేవాణ్ణి.

అతని మొదటి సినిమా కథ చిన్నది. తండ్రి పోయిన ముగ్గురు అక్కచెల్లెళ్ళు ఒక ఇంట్లో కింది వాటా అద్దెకు తీసుకుంటారు. పై వాటాలో ఇంటి ఓనరు ఉంటాడు. మనకు కనిపించడు. అడుగుల చప్పుడు వినిపిస్తుంది, కుర్చీ ఈడ్చిన చప్పుడు వినిపిస్తుంది. ఆ కుర్చీ కదిలిందంటే చాలు, కింద ముగ్గురూ మాట్లాడుతున్న మాట సగంలో ఆపేస్తారు. ఇలా గంటన్నర నడిచాక, చివర్లో ఆ మనిషి మెట్లు దిగి వస్తాడు. ఆ ఒక్క దృశ్యం కోసం త్రిమూర్తులు కొండంత మనిషిని వెతికి పట్టుకొచ్చి, మూడు గంటలు మేకప్ వేయించి, సగం ముఖం కాలినట్టు, ఒక కన్ను పోయినట్టు తయారుచేయించాడు. దాన్ని చూసి ఎంత మురిసిపోయాడో చెప్పలేను.

తొలి కూర్పు వేసిన రోజున అతను అందరిలాగే తెరకు వీపు పెట్టి నిలబడ్డాడు. గంటన్నర పాటు కుర్చీల్లో ఒక్కరు కదిలితే ఒట్టు. ఇస్త్రీ ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. తరవాత ఆ కాలిన ముఖం వచ్చింది. వచ్చీ రాగానే ఆవిడ హమ్మయ్య అని వెనక్కి వాలి మంచినీళ్ళు తాగింది. డ్రిల్లు మాస్టారు గడియారం చూసుకున్నారు. పిండి రుబ్బే మనిషైతే పక్కవాణ్ణి పొడిచి, వీడేనా, అని నవ్వాడు. త్రిమూర్తులు ముఖంలో నెత్తురుచుక్క లేదు.

అందరూ వెళ్ళాక గురువుగారి దగ్గరికి వచ్చి అడిగాడు.

"కనిపించనంతసేపూ వణికించినవాడు కనిపించగానే ఎందుకు తేలిపోయాడు గురువుగారూ? అసలు కనిపించకుండా చివరిదాకా భయపెట్టడం ఎలాగండీ?"

పరాంకుశంగారి దగ్గర జవాబులు అంత తొందరగా దొరికేవి కావు. ఆ ముఖం తీసేసి రేపు మధ్యాహ్నం మళ్ళీ వేద్దామనీ, ఈసారి కొత్తవాళ్ళని పిలుద్దామనీ అన్నారు. మీ ఆవిణ్ణి కూడా తీసుకురమ్మన్నారు. దానికి సినిమాలంటే పెద్ద ఆసక్తి లేదండి అని త్రిమూర్తులు నసిగాడు. అలాంటివాళ్ళే కావాలి అన్నారాయన.

ఈ కబురు తెలిసి నిర్మాత వరహాలరాజుగారు అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. విలనే లేని సినిమాని ఏ మొహం పెట్టుకుని అమ్మను అని ఆయన బాధ. పోస్టర్లన్నీ ఆ ముఖంతోనే వేయించాడు పాపం. చివరికి గురువుగారి మీద గౌరవం కొద్దీ ఒక షరతు మీద దిగివచ్చాడు. తను కూడా వచ్చి వెనక కూచుంటాడు. చూసినవాళ్ళలో ఒక్కరు భయం వేయలేదన్నా ఆ ముఖం తిరిగి పెట్టాల్సిందే. త్రిమూర్తులు కాదంటే సినిమా డబ్బాలోనే ఉండిపోతుంది. మూడేళ్ళు తిరిగి తిరిగి తెచ్చుకున్న సినిమా అది. త్రిమూర్తులు ఆ రాత్రి ఏం తిన్నాడో, ఎలా నిద్రపోయాడో నాకు తెలియదు. మర్నాడు ముందుగా వచ్చి కుర్చీలు తనే తుడిచాడు.

ఆ మధ్యాహ్నం ఒక ఆటో డ్రైవరు, జాకెట్లు కుట్టే ఆవిడ, పక్కవీధి నర్సింగ్ హోమ్‌లో పనిచేసే నర్సు వచ్చారు. నాలుగో కుర్చీలో త్రిమూర్తులు భార్య సత్యవేణి కూచుంది. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆ అమ్మాయి మా గదికి రావడం అదే మొదలు. నమస్కారం పెట్టింది, మంచినీళ్ళిస్తే వద్దంది.

సినిమా వేశాం. ఈసారి చివర్లో మెట్లమీద అడుగులు వినిపిస్తాయి. ముగ్గురు ఆడపిల్లలూ గుమ్మం వంక చూస్తారు. వాళ్ళ ముఖాల మీదే సినిమా అయిపోతుంది. నేను లైట్లు వేసేసరికి ఎవ్వరూ లేవలేదు. ఆటో డ్రైవరు కుర్చీ అంచు పట్టుకున్న చెయ్యి ఇంకా తియ్యలేదు.

భయం వేసిందా అని పరాంకుశంగారు అడగలేదు. పై వాటాలో మనిషి ఎలా ఉంటాడో చెప్పమన్నారు. ఆటో డ్రైవరు తడుముకోకుండా చెప్పాడు. బాన పొట్ట, బుర్ర మీసం, చేతిలో లాఠీ. నర్సు కాదంది. సన్నగా ఉంటాడు, కళ్ళజోడు, జేబులో పెన్ను, చాలా మెల్లిగా మాట్లాడతాడు, దగ్గరికొస్తే పౌడరు వాసన వేస్తుంది అంది. అంటూనే చేతులు ముడుచుకుంది. ఆ పౌడరు వాసన ఎవరిదో మేము అడగలేదు. జాకెట్లు కుట్టే ఆవిడ ఇద్దర్నీ చూసి పెదవి విరిచింది. పేరుకే ఆయన గానీ, ఆ కుర్చీ ఈడ్చే తీరు ముమ్మాటికీ మా అత్తగారిది అని తేల్చేసింది. ఆ మాటకి నవ్వు రావాలి. ఆవిడ నవ్వలేదు, మేమూ నవ్వలేదు.

త్రిమూర్తులు కళ్ళు మెరిశాయి. తను చేసిన కాలిన ముఖం ఒకటైతే, ఇక్కడ మూడు కుర్చీల్లో మూడు ముఖాలు తయారయ్యాయి. అంతలో వెనకనుంచి వరహాలరాజుగారు గొంతు సవరించుకున్నాడు. ఈ ముగ్గురి సంగతి సరే, మరి డైరెక్టరుగారి భార్య మాటేమిటన్నాడు. ఆ అమ్మాయి తెర సరిగ్గా చూడనే లేదనీ, కుర్చీ చప్పుడైన ప్రతిసారీ మొగుడి వంకే చూస్తూ కూచుందనీ తను గమనించానన్నాడు. సొంత పెళ్ళానికే భయం వేయని సినిమా ఊళ్ళోవాళ్ళకి ఏం వేస్తుందన్నాడు.

ఆయన చెప్పింది నిజమే. నేనూ చూశాను. తెరకు వీపు పెట్టి నిలబడ్డ త్రిమూర్తులు మా అందరికంటే ముందే చూశాడు. ఆ అమ్మాయి రెండోసారి తనవైపు చూసినప్పుడు ముఖం ముడుచుకున్నాడు. మూడోసారికి దవడ బిగుసుకుంది. ఇప్పుడూ భార్యని ఒక్క మాట అనకుండా కిటికీ వంక తిరిగి నిలబడ్డాడు. ఆ అమ్మాయి ఆ వీపు చూసి గబుక్కున తల దించుకుంది.

"భయపడక్కర్లేదమ్మా. నీకేమనిపించిందో అది చెప్పు చాలు" అన్నారు పరాంకుశంగారు.

సత్యవేణి భయమేసిందంటే చాలు, మొగుడి సినిమా గట్టెక్కుతుంది. ఆ సంగతి ఆ పిల్లకీ తెలుసు. అయినా పెద్దాయన అడిగిన తీరులో ఏముందో గానీ, నేల చూపులు చూస్తూనే చెప్పింది.

"భయమేసిందండి. అందుకే ఈయన్ని చూశాను. ఆ చప్పుడుకి ఈయన ముఖం ఎలా ఉందోనని. ఇంట్లో నాకు ఏదైనా తెలిసేది చప్పుళ్ళతోనేనండి. గేటు వేసే తీరు, కంచం జరిపే తీరు. దాన్నిబట్టి ఈసారి ఎన్నాళ్ళు మాట్లాడరో అనుకుంటాను. మొన్న వేసంకాలంలో పదకొండు రోజులు మాట్లాడలేదు. నేనేం చేశానో ఇప్పటికీ తెలీదండి." ఆగి, ఇంకొక్క మాట అంది. "ఆ సినిమాలో వాళ్ళు ముగ్గురున్నారు కదండి, ఒకళ్ళకొకళ్ళు."

వరహాలరాజుగారు లేచి, కండువా సర్దుకుని, ముఖం అక్కర్లేదండి, ఇలాగే ఉంచండి అని మెల్లిగా చెప్పి వెళ్ళిపోయాడు. త్రిమూర్తులు సినిమా ఆ క్షణాన బతికింది. బతికించిన మనిషి మాత్రం, నేను కింద ఉంటానండి, అని ఎవరికో చెప్పినట్టు చెప్పి మెట్లు దిగిపోయింది. మిగతావాళ్ళు ఆమె వెనకే నడిచారు. జాకెట్లు కుట్టే ఆవిడ ఆమె భుజం మీద చెయ్యి వేయడం చూశాను. నాకు సిగ్గేసింది. త్రిమూర్తులు బుద్ధిమంతుడని మా ఇంట్లో ఎన్నిసార్లు పొగిడానో నాకే తెలుసు.

కోరుకున్నది దక్కింది కదా, త్రిమూర్తులు సంతోషించాలి. అతను మాత్రం కిటికీ దగ్గరే చాలాసేపు నిలబడిపోయాడు. ఇటు తిరిగేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. కోపమో ఏడుపో నేను చెప్పలేను. అతనికీ తెలిసి ఉండదు.

"అన్యాయమండి గురువుగారూ. పెళ్ళయి తొమ్మిదేళ్ళయింది. ఏనాడూ దాన్ని పల్లెత్తు మాట అనలేదండి నేను."

పరాంకుశంగారు కుర్చీలు ఒకదానిమీద ఒకటి పేరుస్తున్నారు. ఆ పని ఆపకుండానే అన్నారు.

"అదేరా నాయనా. ఆ పిల్ల కింద నిలబడి ఉంది. వెళ్ళి ఏదో ఒకటి అను."