పేరిందేవమ్మ గాజు తొట్టి

అనగనగా ఒక రేవు. రేవన్నాక ఓడలుంటాయి, ఓడలన్నాక మనుషులుంటారు, మనుషులన్నాక ఆకలి ఉంటుంది. ఆ ఆకలి తీర్చడానికి గవ్వలరేవులో ఒక సత్రం ఉండేది. దాన్ని నడిపే ఇల్లాలి పేరు పేరిందేవమ్మ.

పేరిందేవమ్మది పెద్ద చెయ్యి. నోరు ఇంకా పెద్దది. ఆమె సత్రంలో పంక్తిభేదం లేదు. మంత్రిగారు వచ్చినా, మూటలు మోసే మనిషి వచ్చినా ఒకే వరసలో కూర్చోవాలి, ఒకే వేళకు తినాలి, ఒకే వంట తినాలి. ఒకరికి నెయ్యి వేసి పక్కవాడికి వేయకపోతే మహాపాపమని ఆమె నమ్మకం.

"నా వడ్డనకు వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు" అని ఆమె గొప్పగా చెప్పుకునేది. వినేవాళ్లు కూడా ఔననేవారు, తిన్న నోళ్లు కదా!

ఒకనాడు ఆ రాజ్యపు చిన్నరాణి పురిటికి పుట్టింటికి బయలుదేరింది. దారిలో పల్లకీ సత్రం ముందు ఆగింది. దాసీలు మూడు గాజు కుండలు తెచ్చి అరుగు మీద దించారు.

మొదటి కుండలో ఒక బంగారు చేప. పొడుగాటి తోక, నెమ్మదైన నడక. రెండో కుండలో గుప్పెడు చారల పక్కెలు. బుల్లి చేపలే గాని ఒక్కచోట నిలవవు. మూడో కుండలో ఒక మీసాల జెల్ల. పగలంతా అడుగున పడి నిద్ర, పొద్దుగూకితే మెలకువ.

"పెద్దమ్మా, ఈ బంగారు చేప మా అమ్మ నాకు సారెలో పెట్టింది. అమ్మ పోయింది, ఇదొక్కటే మిగిలింది. రేపు పుట్టే బిడ్డకు దీన్ని చూపించి, మీ అమ్మమ్మ ఇచ్చిందిరా అని చెప్పుకోవాలి. పల్లకీ కుదుపులకు ఇవి తట్టుకోలేవు, నేను తిరిగొచ్చేదాకా వీటిని నీ చేతుల్లో పెడుతున్నాను" అంది చిన్నరాణి, కళ్లు తుడుచుకుంటూ.

"నా సత్రంలో ఇంతవరకు ఆకలితో లేచినవాళ్లు లేరు తల్లీ. నిశ్చింతగా వెళ్లి పండంటి బిడ్డతో రా" అంది పేరిందేవమ్మ.

వర్జ్యం ముంచుకొస్తోందని బోయీలు తొందరపెట్టారు. పల్లకీ కదిలిపోయింది. కుండలు మూడెందుకో చెప్పే తీరిక రాణికి లేకపోయింది. అడగాలన్న ఆలోచన పేరిందేవమ్మకు రాలేదు.

ఆమె ఆ మూడు కుండలను ఎగాదిగా చూసింది. ఒళ్లు మండింది.

"ఇదేం చోద్యం! చేపల్లో కూడా పంక్తిభేదమా? నా గడప లోపల ఆ ఆటలు సాగవు!" అంది. ఓడ వర్తకుడి దగ్గర పెద్ద గాజు తొట్టి తెప్పించి మూడు కుండలనూ అందులోకి వంచేసింది. అందరికీ కలిపి గుప్పెడు పేలాలు చల్లి, "కలిసి తినండి, కలిసి ఉండండి" అని దీవించింది కూడాను.

మర్నాడు చూస్తే బంగారు చేప తోక చిరిగి ఉంది.

"ఏమైందే తల్లీ?" అని అడిగింది పేరిందేవమ్మ.

"ఏం చెప్పనమ్మా! ఈ పక్కెలు నన్ను నిలవనివ్వడం లేదు. ఎటు తిరిగితే అటు వచ్చి తోక కొరుకుతున్నాయి" అంది బంగారు చేప.

పేరిందేవమ్మ పక్కెల మీద విరుచుకుపడింది. "సిగ్గులేదటే మీకు? సాటి చేప తోక కొరుకుతారా?"

"మేమేం చేసేదమ్మా! కళ్లముందు ఏదైనా ఊగితే కొరికి చూస్తాం. మా తాతలూ అంతే, మేమూ అంతే" అన్నాయి పక్కెలు.

"కడుపు నిండక ఈ ఆగడాలు" అనుకుంది పేరిందేవమ్మ. సత్రం నడిపేవాళ్లకు లోకంలో ప్రతి రోగానికీ అన్నమే మందు. ఇంకో గుప్పెడు పేలాలు ఎక్కువ చల్లింది.

పేలాలు నీటిపైన తేలాయి. పక్కెలు చటుక్కున ఎగబడి మింగినన్ని మింగాయి. అడుగున నిద్రపోతున్న జెల్లకు ఒక్కటీ దక్కలేదు. కొన్నాళ్లకు పక్కెల గుంపు పలచబడింది. జెల్ల పొట్ట మాత్రం నిండుగా ఉంది.

"ఒరే మీసాలోడా, పక్కెలేవిరా?" అని గద్దించింది పేరిందేవమ్మ.

"దాపరికమెందుకమ్మా, తిన్నాను" అంది జెల్ల. "తమరు వడ్డించే వేళకు నేను నిద్రలో ఉంటాను. నేను లేచే వేళకు మెత్తబడిన పేలాల ముద్దలు తప్ప ఏమీ ఉండదు. పక్కెలుంటాయి. అవి నా నోట్లో పడతాయి. అందరికీ ఒకటే కంచమన్నది తమరే కదా! కంచంలో ఉన్నది తిన్నాను."

పేరిందేవమ్మ తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుంది. ఆమె జన్మలో అలా జరగడం అదే మొదలు.

మిగిలిన పక్కెలు ఒక మూలకు నక్కాయి. "చలేస్తోందమ్మా, మా ఏటి నీళ్లు వెచ్చగా ఉండేవి" అని వణికాయి. ఆమెకు జాలేసింది. తొట్టిని ఎండలోకి జరిపించింది. ఆ వేడికి మిగిలిపోయిన పేలాలు కుళ్లి నీళ్లు కంపు కొట్టాయి. ఇంతలో బంగారు చేప పైకి తేలి, పక్కకు ఒరిగి, నోరు తెరిచి గుటకలు వేసింది.

"అమ్మా, ఊపిరాడటం లేదు. నాది చల్లనీళ్ల పుట్టుక" అంది. ఆ మాట కూడా నూతిలోంచి వచ్చినట్టు వచ్చింది.

"అయ్యో! తల్లిలేని పిల్ల నమ్మి అప్పగించిపోతే చేతులారా చంపుకుంటున్నానే!" అని పేరిందేవమ్మ లబలబలాడింది. తొట్టిని నీడకు లాగింది. నీడకు లాగితే పక్కెలు వణికాయి. ఎండకు తోస్తే బంగారు చేప ఒరిగింది. ఏం చెయ్యాలో తోచలేదు.

ఇంతలో భోజనాల వేళ అయింది. మనసు తొట్టి దగ్గర పెట్టి చేతులతో వడ్డిస్తోంది. వరస చివర ఒక ముసలి కళాసి కూర్చున్నాడు. ఓడల మీద తాళ్లు లాగి లాగి అరిగిపోయిన మనిషి. ఆకులో గారెలూ అన్నమూ పెట్టినవి పెట్టినట్టే ఉంచి లేవబోయాడు.

"ఏం బాబాయ్, వంట బాగోలేదా?" అంది పేరిందేవమ్మ.

"వంటకేం తల్లీ, అమృతం. నా నోట్లోనే పళ్లు లేవు."

"మరి చెప్పొద్దూ? మెత్తగా పిసికి పాలుపోసి పెట్టేదాన్ని కదా!"

"ఎలా చెప్పను? ఇక్కడ అందరికీ ఒకటే వడ్డన అని రేవంతా చెప్పుకుంటారు. నాకోసం వేరే పెడితే నీ మాట పోదూ? వచ్చినప్పటినుంచీ చారునీళ్లతోనే నెట్టుకొస్తున్నాను" అన్నాడు కళాసి.

పేరిందేవమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఆకలితో లేచినవాళ్లు లేరని చాటుకున్నాను. లేచినవాళ్లు నాకు చెప్పలేదంతే!" అనుకుంది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అన్నం పిసికి, పాలు పోసి, ముసలాయన కడుపు నిండేదాకా దగ్గర కూర్చుని పెట్టింది.

చెయ్యి కడుక్కుని తిన్నగా తొట్టి దగ్గరకు వెళ్లింది. జెల్లను దాని కుండలో వదిలి, పొద్దుగూకాక అడుగుకు దిగే మేత వేసింది. పక్కెలను వాటి కుండలో పోసి ఎండ తగిలేచోట పెట్టింది. బంగారు చేపను చల్లని నీళ్లలో, నీడలో ఉంచి పూటపూటకూ కనిపెట్టుకుని కూర్చుంది. అది బతుకుతుందన్న ఆశ ఆమెకు లేదు. అయినా ఒకనాటి పొద్దున లేచి ఈదింది. తోక అంచు మాత్రం కురచబడిపోయింది.

తరవాత ఒక జాలరి చల్లటి వాగులోంచి రెండు కొత్త చేపలు తెచ్చాడు. ఈసారి పేరిందేవమ్మ ఊరికే వంచెయ్యలేదు. "మీకు ఏ నీళ్లు పడతాయి? మీ నోరెంత? మీ నడత ఎలాంటిది?" అని మూడు ప్రశ్నలడిగింది. చల్లని నీళ్లు, చిన్న నోరు, ఒకరి జోలికి పోని నడత అని తేలాక బంగారు చేప పక్కన వదిలింది. మూడూ హాయిగా తిరిగాయి.

మూడో నెలలో చిన్నరాణి కొడుకునెత్తుకుని వచ్చింది. పోయిన పక్కెల బదులు కొత్తవి తెచ్చి పోస్తే ఆ సంగతి ఎవరికీ తెలిసేది కాదు. పేరిందేవమ్మ అలా చెయ్యలేదు. జరిగింది జరిగినట్టు చెప్పి, "తప్పు నాదే తల్లీ" అని తలవంచుకుంది.

చిన్నరాణి కురచబడిన తోకను గాజు మీంచి వేలితో తడిమింది. తరవాత బిడ్డను కుండ దగ్గరికి ఎత్తింది.

"ఇది మీ అమ్మమ్మ ఇచ్చిందిరా. ఈ అవ్వ బతికించింది" అంది.

ఆ పూట రాణి కూడా వరసలోనే కూర్చుంది. పేరిందేవమ్మ అందరికీ పులుసు వడ్డించి, బాలింతరాలికి మాత్రం వెల్లుల్లి కారం, నెయ్యి వేసింది. పక్కన కూర్చున్న వర్తకుడు నవ్వాడు.

"ఏమమ్మోయ్, నువ్వు కూడా పంక్తిభేదం మొదలుపెట్టావే!"

"వరస ఒకటే నాయనా, వడ్డనే వేరు" అంది పేరిందేవమ్మ, ఇంకొంచెం నెయ్యి వేస్తూ.

నీరూ, నోరూ, నడతా కుదిరినవారినే ఒకచోట కలపాలి. అందరినీ ఒక్కలా చూడడమంటే అందరికీ ఒకటే పెట్టడం కాదు, ఎవరికి సరిపడేది వారికి పెట్టడం.