ఇంజను ఆగిన తర్వాత

పాండురంగానికి వచ్చిన చిక్కల్లా ఒక్కటే. లోకంలో తను నేర్చుకోవలసిందేమీ మిగల్లేదు.

మరి బందరు సముద్రపు ఒడ్డున జరిగిన బొమ్మ విమానాల పోటీలో మొదటి బహుమతి కొట్టాడాయె! అదీ తన గురువు ఖలందర్ సాహెబ్ ఇంజనుతో. చూడబోతే నిమ్మకాయంత ఉంటుంది. స్పిరిటూ ఆముదమూ కలిపి పోసి, ప్లగ్గు వేడెక్కాక ముందుండే పంకా మీద వేలితో ఒక్క వేటు వేస్తే చాలు, దాని అరుపుకి ఒడ్డున పీతలు కన్నాల్లోకీ, అవనిగడ్డ బస్సులో కునుకు తీసే జనం సీట్ల కిందికీ దూరిపోవలసిందే.

నలభై ఏళ్ళుగా ఉస్తాద్ దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇల్లాలు బీబమ్మనే ముట్టుకోనివ్వలేదు. ఆయన చిలకలపూడిలో గిల్టు నగలకి అచ్చులు కోసే మనిషి. ఏడాదికి నాలుగు మాటలు మాట్లాడతాడు, అందులో మూడు బీబమ్మ పోరు పడలేక మాట్లాడినవే. అలాంటివాడు పోటీకి ముందురోజు ఇంజను తెచ్చి పాండు చేతిలో పెట్టాడు.

"ఎగరెయ్యి. తర్వాత నీ దగ్గరే ఉంచు."

పాండు ఎగరేశాడు. ఒడ్డు ఒడ్డంతా చప్పట్లు. మెడలో పడిన దండలకి ముక్కు తప్ప ఇంకేం కనబడలేదు. ఆ ఊపులో, కడుపులో ఇంకా స్పిరిటు ఉన్న ఇంజనుని అలాగే జేబులో వేసుకుని ఊరేగాడు. ఇంటికెళ్ళాక పళ్ళపొడి పెట్టి తోమాడు. నలభై ఏళ్ళ ఆముదం మసి వదిలి అద్దంలా తేలింది. దాన్ని బహుమతిగా వచ్చిన కప్పు పక్కన అద్దాల బీరువాలో నిలబెట్టాడు. కరెంటాఫీసులో తోటి లైన్‌మన్లు ఒక్కొక్కరే వచ్చి దర్శనం చేసుకుని వెళ్ళారు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. ఆ ఏడు బందరులో కురిసిన వానకి చేపలు వీధి మలుపుల్లో నిలబడి దారి అడిగాయంటే ఏమనుకుంటారు! రెండు నెలలు ఇంజను బీరువాలోనే ఉంది.

తెరిపి ఇచ్చిన రోజు పాండు దాన్ని పట్టుగుడ్డలో చుట్టుకుని ఉస్తాద్ దుకాణానికి వెళ్ళాడు. ముందు పెట్టి, చేతులు కట్టుకున్నాడు.

"ఉస్తాద్, నాకు ఇంకా ఏమైనా మిగిలిందా, నేర్చుకోడానికి?"

ఉస్తాద్ కళ్ళజోడు సవరించుకుని చూశాడు.

"మెరుస్తోందే."

"నా చేత్తో తోమాను ఉస్తాద్!"

"మెరిపించే పని పొద్దుగూకులూ నేను చేస్తూనే ఉన్నాను కదరా."

అని, పంకా మీద వేలు పెట్టాడు. పంకా కదల్లేదు.

పాండు ముందుకి వంగాడు. తనూ తోశాడు. ఉహూ. గోడకి వేలాడుతున్న పటకారు అందుకోబోయాడు. ఉస్తాద్ ఇంజను మీద అరచెయ్యి కప్పాడు.

"ఆగిపోయాక దీన్ని ఏం చేశావు?"

పాండు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "దండలు వేయించుకున్నాను ఉస్తాద్."

లోపలి నుంచి బీబమ్మ నవ్వు వినబడింది. "పోనీలెండి, నిజమే చెప్పాడు!"

పాండుకి నవ్వు రాలేదు. మిగిలిన స్పిరిటు వానగాలిలో తేమంతా తాగి ఇనుముని తినేసిందనీ, ఆముదం లోపల బంకలా బిగుసుకుపోయిందనీ అప్పటికి అర్థమైంది. నలభై ఏళ్ళ ప్రాణం. తన చేతిలో రెండు నెలలు బతకలేదు. ఇక ఈ గడప తొక్కనిస్తాడా ఈయన?

ఉస్తాద్ తిట్టలేదు. ఒక గాజు గిన్నెలో స్పిరిటు పోసి, ఇంజనుని పసిబిడ్డకి నీళ్ళు పోసినట్టు అందులోకి దించాడు.

"రేపు రా."

మర్నాడు గిన్నెలో స్పిరిటు టీ రంగుకి తిరిగింది. అది పారబోసి కొత్తది పోశాడు. "రేపు రా." ఆ మర్నాడూ అంతే. తొమ్మిది రోజులు అలాగే గడిచాయి. పాండు లెక్కలో తొమ్మిది యుగాలు. కరెంటు స్తంభం ఎక్కినా గిన్నే కనబడేది.

పదో రోజున ఉస్తాద్ ఇంజనుని వేడి నీళ్ళలో పిండిన గుడ్డలో చుట్టి, పంకాని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. తొయ్యలేదు. పట్టుకుని కూర్చున్నాడు, అంతే. కాసేపటికి పంకా వెంట్రుకవాసి కదిలింది. పాండు కళ్ళు చెమర్చాయి.

విప్పి చూస్తే బేరింగులు కుంకుమలా ఎర్రగా ఉన్నాయి. వాటిని మార్చి, తిరిగి బిగించి, వాకిట్లో బల్లకి తగిలించి ఒక్క నిమిషం నడిపాడు ఉస్తాద్. చిలకలపూడి కాకులన్నీ వలస పోయాయి. అప్పుడు స్పిరిటు వచ్చే గొట్టం లాగేశాడు. లోపలున్న చివరి చుక్క దాకా తాగి, దగ్గి, ఆగింది ఇంజను.

అది ఇంకా వెచ్చగా ఉండగానే ప్లగ్గు విప్పి, ఆ కన్నంలో మూడు చుక్కలు, గాలి పీల్చే నోట్లో మూడు చుక్కలు కుట్టుమిషను నూనె వేశాడు. పంకాని మెల్లగా పదిసార్లు తిప్పాడు. ప్లగ్గు బిగించి, పాత పంచె ముక్కలో చుట్టాడు. చుట్టినదాన్ని మళ్ళీ విప్పి పాండు ముందుకి తోశాడు.

పాండు మొదటి నుంచీ అంతా చేశాడు. గొట్టం, చుక్కలు, పది చుట్లు, గుడ్డ. ఉస్తాద్ మళ్ళీ విప్పాడు. పాండు మళ్ళీ చేశాడు. ఆరోసారికి అడగకుండా ఉండలేకపోయాడు.

"ఉస్తాద్, ఇన్నేళ్ళలో ఇది ఎంతసేపు ఎగిరుంటుంది?"

ఉస్తాద్ చూరు వైపు చూస్తూ వేళ్ళు ముడిచాడు.

"అంతా కలిపితే... మూడు రోజులు."

"మిగతా నలభై ఏళ్ళు?"

ఉస్తాద్ లేచాడు. నూనె డబ్బా పాండు చేతిలో పెట్టి, ఆ వేళ్ళని తన చేత్తో మూసి, లోపలికి వెళ్ళిపోయాడు. ఇంజను మాత్రం తిరిగి ఇమ్మని అడగలేదు. అది పాండు ఒళ్ళోనే ఉండిపోయింది.

పాండు గడప మీదే కూర్చున్నాడు. కదిలితే ఎవరో లాక్కుపోతారన్నట్టు రెండు మోకాళ్ళ మధ్యా ఇంజనుని పెట్టుకుని, మూడు చుక్కలు వేసి, పంకా తిప్పుతున్నాడు. జుంకాల అచ్చు కోసం వచ్చిన మంగతాయారు గారు దాటడానికి దారి లేక నిలబడిపోయింది.

"ఏమయ్యా పాండూ, మళ్ళీ ఎగరేస్తున్నావా ఏమిటి?"

గర్వంతో ఛాతీ పొంగి పాండు చొక్కా గుండీలు రెండు తెగాయి. తల మాత్రం ఎత్తలేదు.

"ఎగరెయ్యడం ఎవరైనా ఎగరేస్తారండీ," అన్నాడు. "నేను దాచిపెడుతున్నాను."