బూజు ఎంగిలి

మృగశిర కార్తెలో తొలివాన పడ్డ రోజున బూజుకి అన్యాయం జరిగింది. చేసినవాడు కంద. వత్తాసు పలికినవాడు వానపాము.

బూజుకి నమలడం రాదు. పళ్ళు లేవు, కడుపూ లేదు. పిండి కనబడితే ముందు దాని మీద ఉమ్ముతుంది. ఆ ఉమ్ముకి పిండి కరిగి తీపి నీరవుతుంది. అప్పుడు పీల్చుకుంటుంది. ఆ ఉమ్ముని పుస్తకాల్లో ఎంజైమ్ అన్నారు. మట్టిలో ఎంగిలి అన్నారు. ఆ తీపి నీరు బూజుకి అందేలోపే ఇరుగూ పొరుగూ సగం తాగిపోయేవాళ్ళు. మూతులు తుడుచుకున్నాకే వాళ్ళకి శుచి గుర్తొచ్చేది.

ఆ రోజు వాననీటికి గుప్పెడు నూకలు కొట్టుకొచ్చాయి. బూజు ఆత్రంగా పాకింది.

"ఏమే, నలుగురూ తినే కూడు మీద ఉమ్ముతావా?" అన్నాడు కంద. ఆ మట్టిలో ఆయనదే పెద్దరికం.

"ఉమ్మకపోతే ఈ నలుగురూ ఏం తింటారు పెద్దయ్యా?"

"నిజమే పెద్దయ్యా, తలుచుకుంటేనే డోకొస్తోంది" అన్నాడు వానపాము. ఒంట్లో ఒక్క ఎముక లేనివాడు ఇంకేమంటాడు? వాడి మూతికి నిన్నటి తీపి ఇంకా జిగటగానే ఉంది.

బూజుని మట్టిగడ్డ అవతలికి తరిమేశారు.

నూకలు నూకల్లాగే ఉండిపోయాయి. వానపాము నాకి చూశాడు, దొర్లించి చూశాడు, చివరికి తిట్టి చూశాడు. గడ్డ అవతల బూజు పిల్లలు, తెల్లటి పోగులు, ఎండి ముడుచుకుపోతున్నాయి. తల్లికి ఒకచోట నిలవబుద్ధి కాలేదు. అటు పాకింది, ఇటు పాకింది, మళ్ళీ అటు పాకింది.

అందరి డొక్కలూ ఎండాక కంద ఒక ఆకుదొప్ప పంపించాడు.

"ఇందులో ఉమ్మి పో. మేం చల్లుకుంటాం."

"ఎంగిలి కదా పెద్దయ్యా?"

"దొప్పలో పోస్తే తీర్థం."

"మరి నా పిల్లలకి?"

"మిగిలితే చూద్దాంలే."

బూజు దొప్పని చూసింది. పిల్లల్ని చూసింది. తర్వాత కందని చూసింది. ఊరంతా ఎండుతుంటే ఆయన ఒక్కడే ఒళ్ళు చేశాడు. తొక్క పట్టక పక్కన పగిలింది. లోపల తెల్లగా, నిండుగా, పిండి.

"నూకలు మీరే ఉంచుకోండి" అంది బూజు. దొప్ప మీదుగా దాటి వచ్చి ఆ పగుల్లో ఉమ్మింది.

"నన్ను ఎంగిలి చేసిందిరా! పట్టుకోండి!" అని అరిచాడు కంద.

ఎవరూ కదల్లేదు. తీపి నీరు కారడం మొదలయ్యాక మాత్రం అందరూ కదిలారు. ముందు బూజు పిల్లలు తాగారు. ఎప్పుడూ లేనిది, అందరికంటే ముందు. కంద ఇంకా అరుస్తూనే ఉన్నాడు, గొంతు మెత్తబడుతోంది.

"వదినా, కాస్త ఇటు కూడా" అన్నాడు వానపాము, వినయంగా వంకర్లు తిరుగుతూ.

"ఎంగిలిరా!" అంది బూజు.

"నీ నోటిదేగా వదినా, పర్లేదు."

మట్టిలో అందరి కడుపూ నిండింది. నేల మీద మనుషులు ఉపవాసం ఉన్నారు. ఆ రోజు ఆషాఢ శుద్ధ ఏకాదశి.