దుప్పి గిట్ట గుంటలో రెల్లు

అనగనగా, బండి దారి కూడా పడని ఒక అడవిలో, వాగు గట్టు మీద ఒక ముళ్ళపంది అవ్వ ఉండేది. పిల్లలూ, కుదురుగా కూర్చోండి. చెప్పిందే మళ్ళీ చెప్పే ఓపిక నాకు లేదు.

అవ్వ బొరియ ముందు చిన్న తోట. నడుమ ఒక రెల్లు దుబ్బు. దాని మొదలు చుట్టూ బంతి, సీతమ్మవారి జడ పూలు. వానలు తగ్గే వేళకి రెల్లు తెల్లగా పూసేది. కింద బంతి పచ్చగా, జడ ఎర్రగా. గాలి వీస్తే పైన తెలుపు ఊగేది. అవ్వ గుమ్మంలో కూర్చుని ఆ ఊగడం చూసేది. ఏడాదంతా పడ్డ చాకిరీకి అవ్వకి మిగిలే సుఖం అదొక్కటే.

రెల్లుకి ఒక పద్ధతి ఉంది. ఎండలు ముదరకముందే ఎండిన దుబ్బుని జానెడు ఎత్తు ఉంచి కోసెయ్యాలి. అప్పుడే లోపలికి వెలుగు పోతుంది, కొత్త పిలకలు లేస్తాయి. ఏటా అవ్వ తన పళ్ళతోనే కొరికేది. ఆ ఏడు పళ్ళు అరిగిపోయాయి. నాలుగు కాడలు కొరికేసరికి దవడ లాగింది. "రేపు చూద్దాంలే" అనుకుంది. మర్నాడూ అదే అనుకుంది.

మొదట కుందేలు వచ్చింది. నిండు చూలాలు.

"అవ్వా, ఆ ఎండుగడ్డి నేను కోసుకుపోనా? పుట్టబోయే పిల్లలకి పక్క వేస్తాను. నీ దుబ్బూ శుభ్రపడుతుంది."

"మూడేళ్ళ కిందట మీ అమ్మ నా బంతి మొగ్గలు కొరికింది. మర్చిపోయాననుకున్నావా?"

"మా అమ్మ పోయింది కదవ్వా!"

"నా మొగ్గలూ పోయాయి" అంది అవ్వ. దుబ్బు పక్కనున్న మట్టిగడ్డ తీసి కుందేలు మీదికి విసిరింది. అందులో ఒక రెల్లు వేరుముక్క, ఎండిన బంతిపువ్వు ఒకటి ఇరుక్కుని ఉన్నాయి. కుందేలు ఆ గడ్డని నోట కరుచుకుని వెళ్ళిపోయింది.

తరవాత దుప్పి వచ్చింది.

"అవ్వా, పైపైన మేసి పోతాను. ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాను."

"నిరుడు వానలో నా మడి తొక్కావు. ఇదిగో నీ గిట్ట గుంట! పూడ్చకుండా ఉంచాను, నువ్వొస్తే చూపిద్దామనే."

దుప్పి గుంట చూసింది, తల వంచుకుని వెళ్ళిపోయింది. ఇంకెవరూ రాకుండా అవ్వ తన ఒంటి నుంచి రాలిన ముళ్ళన్నీ ఏరి, దుబ్బు చుట్టూ కంచె పాతింది. నడుం విరిగినంత పనయింది.

వానలు పడ్డాక గిజిగాడు వచ్చాడు. ముళ్ళు చూసి దూరంగా వాలాడు.

"అవ్వా, గూడు అల్లుకోవాలి. నాలుగు ఆకు పీచులు ఇవ్వు. పాత గడ్డి కూడా పీకి పడేస్తాను."

"నిరుడు నీ కొత్త గూటికి అడవినంతా పిలిచావు. నన్ను పిలిచావా?"

"నువ్వు చెట్టెక్కలేవు కదా అని..."

"ఎక్కలేను. పిలవాల్సింది పిలవాలి. పో."

వాన మీద వాన. పాత గడ్డి నాని కుళ్ళింది. దుబ్బు నడుమ నల్లబడింది. వెలుగు లేక బంతి మొక్కలు మొగ్గలోనే మురిగిపోయాయి. పూతవేళ వచ్చింది. అవ్వ గుమ్మంలో కూర్చుంది. గాలి వీచింది. ఏదీ ఊగలేదు.

అప్పుడు వాగు అవతల తెల్లగా ఏదో ఊగడం కనబడింది. అవ్వ లేచింది. వాగు దాటి, దారిలో మూడుసార్లు కూలబడి, చివరికి కుందేలు గుమ్మం చేరింది. అక్కడ సన్నటి రెల్లు దుబ్బు. దాని కింద బంతిపూలు. పూల మధ్య కుందేలు పిల్లలు దొర్లుతున్నాయి.

"ఎక్కడిదే ఇది?"

"నువ్వు విసిరిందే అవ్వా. నేను ఎండు ఆకు లాక్కుంటాను. దుప్పి పైపైన మేస్తుంది. గిజిగాడు పీచు తీసుకుంటాడు. అదే పెరిగింది."

అవ్వ ఆ పూల చుట్టూ ఒకసారి తిరిగింది.

"పూలు మరీ ఒత్తుగా వేశావు. జానెడు ఎడం ఉండాలి."

"అలాగేనవ్వా."

అవ్వ వెళ్ళబోయి వెనక్కి తిరిగింది.

"నాకొక పిలక ఇస్తావా?"

కుందేలు ఒక్క మాటైనా ఎత్తిపొడవలేదు. రెండు పిలకలు తవ్వి ఇచ్చింది.

అవ్వ ఇల్లు చేరి, పాతిన ముళ్ళు ఒక్కొక్కటే పీకింది. ఇక గుంట తవ్వే ఓపిక లేదు. చుట్టూ చూసింది. దుప్పి గిట్ట గుంట కనబడింది. పిలకలు పెడితే సరిగ్గా సరిపోయాయి. అవ్వ మట్టి కప్పి, కాలితో అదిమి, అక్కడే పక్కన కూర్చుంది.

నీతి: పాత కోపాలతో కంచె కడితే, బయటివాళ్ళకి ఏమీ కాదు; లోపల మనం ప్రేమగా పెంచుకున్నదే ముందు చచ్చిపోతుంది.