ముడుల అర్జీ

చూపులేని సాంబక్క తాళ్ళు పేని వీధిలో అమ్ముకునేది. ఒకరోజు భటులొచ్చి తాళ్ళన్నీ లాక్కుపోయారు. ఆమె కొలువుకెళ్ళి మొరపెట్టుకుంది.

"ఆ వీధిలో అమ్మకూడదని కోటగోడ మీద ఇంతింత అక్షరాలతో రాయించాం. చదువుకోకపోవడం నీ తప్పు!" అన్నాడు మంత్రి మీసం దువ్వుతూ.

మర్నాడు సాంబక్క రాజుగారి ఎదుటే మంత్రి చేతిలో ముడులేసిన తాడొకటి పెట్టింది. "నా అర్జీ దొరా. ముడుల్లో రాశాను."

మంత్రి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఇది నాకెలా తెలుస్తుందే?"

"ఇంతింత ముడులేశాను. చదువుకోకపోవడం మీ తప్పు దొరా!"

రాజు పగలబడి నవ్వాడు. "ఇంతకీ అందులో ఏముందమ్మా?"

"గోడమీద రాసింది దండోరా కూడా వేయించమని, ప్రభూ. తమకు అందాలిగా, అందుకే నోటితోనూ చెబుతున్నాను."

ఆ సాయంత్రమే ఊళ్ళో మొదటి దండోరా మోగింది: "సాంబక్క తాళ్ళు సాంబక్కకి ఇచ్చెయ్యాలహో!"