రాజుగారి ఇస్త్రీ పంచె

మా ఊళ్లో అబద్ధమాడి దొరకనిది పాత జీపులమ్మే నరసరాజుగారొక్కరే. మిగతావాళ్లం రోజూ దొరుకుతాం.

వానాకాలంలో కొండమీది అనాసపళ్లు సంతకు దించడానికి గౌరన్న తొలిసారి బండి కొనబోయాడు. బండి బురదలో ఆగితే పంటంతా కుళ్లినట్టే.

"నాలుగు చక్రాలూ లాగే జీపురా ఇది. ఎంత బురదైనా దాటేస్తుంది," అన్నారు రాజుగారు, ఇస్త్రీ పంచె సర్దుకుంటూ.

గౌరన్నకు జీపుల సంగతి తెలియదు. రాజుగారి సంగతి తెలుసు.

"అయితే ఎదురుగా దమ్ము చేసిన ఆ బురద మడిలోంచి మీరే ఓసారి నడపండి బాబూ. నేను గట్టుమీద ఉంటాను. ఆగితే మీరే దిగి తోసుకోవాలి మరి."

రాజుగారు మడిని చూశారు. పంచెను చూసుకున్నారు.

"షెడ్డులో ఇంకోటుంది, అది చూద్దువుగాని," అన్నారు.

"దాన్నీ మడిలోంచే తీసుకురండి బాబూ."

అది దాటింది. గౌరన్న దాన్నే కొన్నాడు.

అప్పట్నుంచి రాజుగారు బేరానికి పాత లుంగీలో వస్తున్నారు.