దిష్టి తగిలిన చిలక

అనగనగా ఓ మహారాజు. ఆయన మీసాల కొసలు పట్టుకుని ఏనుగులు ఉయ్యాలలూగేవి. నవ్వకండి, నిజం! ఆయనకు ముగ్గురు కొడుకులు. చండుడు, ప్రచండుడు, హేమాంగుడు. చిన్నవాడు బంగారం. పెద్దవాళ్ళిద్దరికీ ఒళ్ళంతా అసూయే. పక్కవాడి విస్తట్లో గారె పెద్దదిగా కనిపిస్తే చాలు, వీళ్ళ చూపుకే అది ఉసిరికాయంత అయిపోయేది.

ఒకనాడు కబురొచ్చింది. ఏడు సముద్రాల అవతల రత్నాలరేవులో కరాళుడనే మాంత్రికుడు రాజును రాయిగా మార్చి, రాకుమారి వకుళను పౌర్ణమినాడు పెళ్ళాడబోతున్నాడట! హేమాంగుడు వెంటనే పడవెక్కాడు. "పేరంతా వాడికేనా?" అని అన్నలూ ఎక్కారు. దారి పొడుగునా ఒకటే గొణుగుడు.

"గాలి కూడా వాడివైపే చల్లగా వీస్తోందిరా!"

"వాడి చేపముక్కలో ముళ్ళే లేవన్నయ్యా!"

హేమాంగుడి భుజం మీద వాలిన నీటికాకి మొత్తుకుంది. "నీ పక్కన కూర్చున్న పాపానికి, మీ అన్నల చూపు తగిలి నా ఈకలు రాలిపోతున్నాయయ్యా!"

రేవు చేరారు. అబ్బో, ఏం రేవర్రా అది! ఓడలు ఎంత ఒత్తుగా ఉన్నాయంటే, మేకలు ఒకదాని మీంచి ఒకదాని మీదికి గెంతుతూ అవతలి దీవికి మేతకు పోయేవి. లవంగాల ఘాటుకు మబ్బులు తుమ్మేవి. ఆ ఊళ్ళో ఏ పడవొచ్చినా ముందు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి నిప్పుల్లో వేస్తారు. దగ్గొస్తే దిష్టి లేనట్టు, రాకపోతే తగిలినట్టు. చేపలమ్మే సూరమ్మ వీళ్ళ పడవకూ తీసింది. గంపెడు మిరపకాయలు మాడినా ఒక్క దగ్గు లేదు!

"నాయనోయ్, ఎవరి కళ్ళురా ఇవి!" అంది సూరమ్మ.

"అవ్వా, మాంత్రికుడి ప్రాణం ఎక్కడుంది?" అనడిగాడు హేమాంగుడు.

"అదిగో, దీపస్తంభం మీది చిలకలో. ఊరందరికీ చూపించుకుని మురుస్తాడు. దిష్టి తీస్తానంటే 'నా చిలక్కి దిష్టేమిటే ముసలీ' అని తరిమేశాడు."

హేమాంగుడు కత్తి విసిరాడు, వంగిపోయింది. బాణం వేశాడు, తిరిగొచ్చింది. నీటికాకి వెళ్ళి పొడిచింది, పాపం ముక్కు వంకరపోయింది. మేడ మీంచి మాంత్రికుడు పకపకా నవ్వాడు.

అన్నల చూపుకు రాలిన నీటికాకి ఈకలు గుర్తొచ్చి హేమాంగుడు అన్నల దగ్గరికి పరుగెత్తాడు.

"అన్నయ్యా, ఆ చిలకది మన సింహాసనం కన్నా ఖరీదైన పంజరమట. రోజూ కుంకుమపువ్వు పాలబువ్వట. వకుళే తినిపించాలట."

"చేత్తోనా?" అన్నాడు చండుడు.

"మనకి అమ్మైనా అలా తినిపించలేదన్నయ్యా!" అన్నాడు ప్రచండుడు.

ఇద్దరూ తలెత్తి చూశారు. ఒక చూపుకు చిలక ఈకలు రాలాయి. రెండో చూపుకు గొంతు పూడిపోయింది. మూడో చూపుకు టప్పున కిందపడింది. మేడ మీద మాంత్రికుడూ పడ్డాడు. రాయైన రాజు ఒళ్ళు విరుచుకుని లేచాడు.

హేమాంగుడికీ వకుళకూ జరిగిన పెళ్ళికి సూరమ్మ ఓడెడు మిరపకాయలు తగలబెట్టింది. ఎవరూ దగ్గలేదు! "పిల్ల కూడా వాడికేనా?" అని అన్నలు గుడ్లప్పగించి చూస్తున్నారు మరి. పెళ్ళికొడుకు మెడలో దండ అప్పుడే వాడిపోతోంది. తర్వాత వాడేది పెళ్ళికొడుకే!

వకుళ పీటల మీంచి లేచి వాళ్ళ ముందు చేతులు జోడించింది. "బావగారూ, నన్ను కాపాడింది ఈయన కత్తి కాదు, మీ చూపు. ఇకమీదట ఈ రేవుకు మీరే కాపలా. మొదటి తాంబూలం మీకే."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అన్నలిద్దరూ సిగ్గుపడి తలొంచుకున్నారు.

అంతే, గుప్పుమంది ఘాటు! పురోహితుడు దగ్గాడు, రాజు దగ్గాడు, నడిసముద్రంలో తిమింగలాలు దగ్గాయి. ఆ దగ్గుల్లోనే మూడు ముళ్ళూ పడ్డాయి. హేమాంగుడూ వకుళా వెయ్యేళ్ళు చల్లగా ఏలారు.

ఆ ఘాటు ఇంకా నా గొంతులోనే ఉంది. కాసిని మంచినీళ్ళివ్వండర్రా!